ప్రత్తి రకమును డి.ఎన్.ఏ. గుర్తులతో కనుగొను విధము

మన నేత కుటుంబములవారికి నూలు నంబరు తెలియును, గంజి పాళ్ళు తెలియును, రంగు నిలుచునో లేదో తెలియును. కాని నూలునకు మూలమైన ప్రత్తి ఏ రకమునకు చెందినదో రుజువు చేయవలసి వచ్చినప్పుడు మనము నోరు మెదపలేకున్నాము. ఆ రుజువునకు నేడు ఒక శాస్త్రీయ మార్గము ఏర్పడినది. దానిని గురించి మాకు తెలిసినంతవరకు సులభముగ చెప్పుటయే ఈ పాఠము ఉద్దేశము. ముందుగా, మేము ఈ విషయము నేర్చుకొనవలసి వచ్చిన కారణము చెప్పెదము.

మూడేండ్ల క్రిందట సేలము జిల్లాలోని మా సంఘమునకు ఒక వర్తకుని వద్దనుండి 100 నంబరు నూలు వచ్చినది. చీటీ మీద 'సువిన్' అని వ్రాసియున్నది. ధరయు సువిన్ ధరయే. కట్టలన్నియు రంగునకు పంపి, పదునాలుగు మగ్గముల మీద పడుగులు వేసితిమి. నాల్గవ దినము నుండి ఫిర్యాదులు మొదలైనవి. పోగు తెగుట, అతుకుట, అతికిన చోటికి జానెడు దూరములో మరల తెగుట. మామూలుగా నేసిన దానిలో సగమైనను నేయలేక మనవారు మగ్గము మీద తల పట్టుకొని కూర్చుండిరి. మన నేతకు కూలి గజముల లెక్క. తెగిన పోగు అతికినందుకు కూలి యెవరును ఇయ్యరు.

మా సంఘములో నలుబది యేండ్లుగా కండెలు చుట్టుచున్న అవ్వ ఒకరు కలరు. ఆమె నూలు వ్రేళ్ళ నడుమ నలిపి చూచి, "ఈ దూది ఆ దూది కాదు నాయనా" అనెను. మేము ఈ మాట వర్తకునితో చెప్పగా, "ముసలమ్మ తడిమి చెప్పిన మాట మీద నేను డబ్బు వాపసు ఇవ్వాలా? కాగితం తీసుకురండి" అనెను. అతని మాట కటువైనదే గాని అన్యాయమైనది కాదు. చేతికి తెలిసిన సత్యమునకు కాగితము కావలసి వచ్చినది. ఆ కాగితము కొరకు తిరిగిన తిరుగుడులోనే ఈ క్రింది సంగతులు మాకు తెలిసినవి.

1. జాతి వేరు, రకము వేరు

లోకములో సాగుచేయు ప్రత్తి నాలుగు జాతులు. వానిలో రెండు పాత ప్రపంచపువి; వీనినే మనము నాటు ప్రత్తి అందుము. శాస్త్రజ్ఞులు వీనికి ఆర్బోరియం, హెర్బేసియం అని పేర్లు పెట్టిరి. మిగిలిన రెండును అమెరికా ఖండమునుండి వచ్చినవి: హిర్సూటం, బార్బడెన్సు. ఈ నాలుగు జాతులును మన దేశములో సాగులో ఉన్నవి.

తమిళనాట కరుంగణ్ణి ప్రత్తి ఆర్బోరియం జాతిది. కర్ణాటకలో ధార్వాడ ప్రాంతపు జయధర్ హెర్బేసియం జాతిది. శ్రీకాకుళము జిల్లా పొందూరులో వాలుగ చేప దవడతో దూదిని దువ్వి, నూరు నంబరుకు పైబడిన నూలు చేత వడకుచున్నారు గదా; ఆ కొండపత్తి, పునాసపత్తి కూడ నాటు జాతివే. కోయంబత్తూరులో తయారై 1968లో విడుదలైన ఎం.సి.యు. 5 హిర్సూటం జాతిది. అదే కోయంబత్తూరులో సుజాత, సెయింట్ విన్సెంట్ అను రెండిటిని కలిపి తయారుచేసి 1974లో విడుదల చేసిన సువిన్ బార్బడెన్సు జాతిది. ఆ రెండు పేర్లలోని అక్షరములే చేరి 'సువిన్' అయినది. దీని పోగు పొడవు 37, 38 మిల్లీమీటర్ల వరకు వచ్చును. ఎం.సి.యు. 5 పోగు 32 మిల్లీమీటర్ల ప్రాంతము. అందుచేతనే సన్న నూలునకు సువిన్‌కు అంత పేరు, అంత ధర.

స్వాతంత్ర్యము వచ్చిన నాటికి మన దేశమున పండిన ప్రత్తిలో చాలా భాగము నాటు జాతులదే. 1970లో సూరతులో సి.టి. పటేల్ గారు హైబ్రిడ్-4 అను సంకర ప్రత్తిని విడుదల చేసిరి. వాణిజ్యముగ సాగైన సంకర ప్రత్తులలో లోకమున అదియే మొదటిది. 1972లో ధార్వాడలో కటార్కి గారు హిర్సూటంను బార్బడెన్సుతో కలిపి వరలక్ష్మి అను సంకరమును తెచ్చిరి. 2002లో బి.టి. ప్రత్తికి అనుమతి వచ్చిన పిమ్మట హిర్సూటం జాతి బి.టి. సంకరములే పొలములను చాలవరకు ఆక్రమించినవి. ఇప్పుడు విత్తనముల అంగడిలో పేర్లు లెక్కకు మిక్కిలి. మొక్క చూచి పేరు చెప్పుట అనుభవశాలికే కష్టము. దూది చూచి చెప్పుట మరింత కష్టము. నూలు చూచి చెప్పుట ఇంకెంత కష్టమో వేరుగ చెప్పనక్కర లేదు.

జాతికిని రకమునకును గల ఈ భేదమును చదువరులు మనసున నిలుపుకొనవలెను. పరీక్షలో ఏది సులభము, ఏది కష్టము అను సంగతి దీని మీదనే ఆధారపడియున్నది.

2. డి.ఎన్.ఏ. అను దారము

ప్రతి మొక్కలోను కంటికి కనబడని కణములు కోట్లకొలది ఉండును. ఒక్కొక్క కణమునందు రెండు పేటలుగా పెనవేసిన ఒక సన్నని దారము కలదు. అదియే డి.ఎన్.ఏ. దాని అమరిక 1953లో తెలిసినది. ఈ దారము మీద ఏ, టి, జి, సి అను నాలుగే అక్షరములు వరుసగా వచ్చుచుండును. మొక్క ఎంత ఎత్తు పెరుగవలెను, కాయ ఎట్లుండవలెను, పోగు ఎంత సాగవలెను అను సంగతులన్నియు ఆ వరుసలోనే వ్రాయబడియున్నవి. హిర్సూటం ప్రత్తిలో ఈ అక్షరములు రెండు వందల కోట్లకు పైబడియుండును. నాటు ప్రత్తుల కణములో ఈ దారము 26 ముక్కలుగా, అమెరికా ప్రత్తుల కణములో 52 ముక్కలుగా చుట్టబడియుండును. ఈ ముక్కలనే క్రోమోజోములందురు.

ఇన్ని కోట్ల అక్షరములను మొదటినుండి చివరివరకు చదువ నక్కర లేదు. ఒక చీర ఎవరి మగ్గము మీదిదో తెలిసికొనుటకు మనము ప్రతి పోగును లెక్కింతుమా? అంచు చూతుము, కొంగు చూతుము. అట్లే రకమునకు రకమునకు తేడా వచ్చు కొన్ని చోట్లను మాత్రమే శాస్త్రజ్ఞులు ఎంచుకొని చూతురు. ఆ చోట్లనే 'డి.ఎన్.ఏ. గుర్తులు' అందురు.

ఈ గుర్తులలో పలు విధములు కలవు. మనకు సులభముగ అర్థమగునది ఆవృత్తి గుర్తు. దారము మీద కొన్ని చోట్ల రెండు మూడు అక్షరములు మరల మరల వచ్చుచుండును. అంచులో రుద్రాక్షలు వరుసగా వేసినట్లనుకొనుడు. ఒక చీర అంచున ఒక జానెడు మేర 12 రుద్రాక్షలు, మరొక చీరలో అదే చోట 17 రుద్రాక్షలు. ఆ రెండు చీరలు ఒక అచ్చులో, ఒక జాలలో నేసినవి కావని ఎవరైనను చెప్పగలరు. అట్లే ఒక ప్రత్తి రకములో 'జి-ఏ' అను జంట ఒక చోట 12 మార్లు, ఇంకొక రకములో అదే చోట 17 మార్లు వచ్చినదనుకొందము. రెండవ దానిలో ఆ ముక్క 10 అక్షరములు పొడవు ఎక్కువ. ఆ పొడవును కొలిచిన చాలును, రెండును వేరని తేలును.

3. పరీక్ష జరుగు తీరు

మొదట ఆకునుండి గాని, మొలకనుండి గాని, విత్తునుండి గాని డి.ఎన్.ఏ.ను వేరుచేయుదురు. ఆకును నూరి, మందునీటిలో కరిగించి, మాంసకృత్తులను జిగురును తొలగించి, చివరకు స్పిరిటు వంటి ద్రవము పోసినచో డి.ఎన్.ఏ. తెల్లని నూలుపీచువలె తేలును.

తరువాత కావలసిన చోటును మాత్రము ఎంచి, దానికి కోట్లకొలది నకళ్ళు తీయుదురు. దీనిని పి.సి.ఆర్. అందురు. 2020లో కరోనా వచ్చినప్పుడు ముక్కులో పుల్ల పెట్టి చేసిన పరీక్ష మనలో ఎవరును మరచియుండరు. అదియు ఈ పద్ధతియే. 1983లో కేరీ మల్లిస్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు దీనిని కనుగొనెను. 1993లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చినది. ద్రవమును 95 డిగ్రీల వరకు వేడిచేసిన రెండు పేటలు విడిపోవును. కొంత చల్లార్చిన, మనము వేసిన చిన్న తునకలు కావలసిన చోటుకు ఇరువైపుల అతుకుకొనును. మరల 72 డిగ్రీలకు తెచ్చిన, ఒక ఎంజైము ఆ చోటునకు నకలు నేయును. ఒక్కటి రెండగును, రెండు నాలుగగును. ఇట్లు ముప్పది మార్లు చేసిన ఒక్క ముక్క వంద కోట్లు దాటును.

పిమ్మట ఈ నకళ్ళ పొడవు కొలువవలెను. సముద్రపు నాచునుండి తీసిన పదార్థముతో జున్ను వంటి పలక పోసి, ఒక కొనను చిన్న గుంటలలో ద్రవము వేసి, విద్యుత్తు ప్రసరింపజేయుదురు. డి.ఎన్.ఏ. ధన ధ్రువము వైపు కదలును. పొట్టి ముక్కలు ఆ జున్ను సందులలో త్వరగా దూరిపోవును. పొడుగు ముక్కలు వెనుకబడును. కొంతసేపటికి ప్రత్యేకమైన దీపకాంతిలో చూచిన, పలక మీద చారలు కనబడును. అతి స్వల్పమైన తేడాలను కనుగొనుటకు ఇంకను సన్నని పలకలను, యంత్రములను వాడుదురు. ఏ చార ఎంత దూరము పోయినదో, దానినిబట్టి ముక్క పొడవు తెలియును.

ఒక్క గుర్తు సరిపోలినంత మాత్రమున రకము ఒక్కటే అని చెప్పరాదు. రామయ్య అను పేరు గలవారు ఊరిలో పదిమంది ఉండవచ్చును. తండ్రి పేరు, ఇంటి పేరు, వీధి పేరు చేరిననే గదా మనిషి తేలుట. ఒక్కొక్క గుర్తునకు నాలుగేసి రూపములున్నవనుకొన్నచో, పది గుర్తులను కలిపి చూచినప్పుడు పది లక్షలకు పైగా కూర్పులు వచ్చును. అందుచేత పెక్కు గుర్తులను ఒకేసారి చూతురు. వేరు అని చెప్పుటకు నమ్మకమైన తేడా ఒకటి రెండు గుర్తులలో కనబడిన చాలును. ఒక్కటే అని చెప్పుటకు మాత్రము అనేక గుర్తులు సరిపోలవలెను.

4. సంకర విత్తనము గుట్టు

మన కుటుంబములలో పలువురకు ఒకటి రెండెకరముల ప్రత్తి చేను కూడ కలదు. వారికి ఈ భాగము ముఖ్యము.

ఎర్ర పడుగు మీద పసుపు పేక వేసి నేసిన బట్టలో రెండు రంగులును ఛాయలాడును. అట్లే తల్లి రకములో ఒక గుర్తు పొట్టి, తండ్రి రకములో అదే గుర్తు పొడుగు అయినచో, నిజమైన సంకర మొక్కలో రెండు చారలును కనబడవలెను. ఒక్క చారయే కనబడినచో ఆ గింజ సంకరము కాదు. తల్లి పూవు తన పుప్పొడితోనే కట్టిన గింజ అయియుండవచ్చును. పూర్వము ఈ సంగతి తేలవలెనన్న విత్తనము నాటి, మొక్క పెరిగి, పూచి, కాచువరకు ఒక పంటకాలము వేచియుండవలెను. అంతలో విత్తు రైతు పొలములో పడియుండును. డి.ఎన్.ఏ. పరీక్షయైనచో మొలకతోనే కొద్ది దినములలో తేలును.

ఇచట ఒక పొరపాటును సవరింపవలెను. బి.టి. పరీక్ష చీలిక యొకటి కలదు. ఆకు రసములో ముంచిన నిమిషములలో గీత పడును. నాగపూరులోని కేంద్ర ప్రత్తి పరిశోధన సంస్థవారు కూడ ఇట్టి సాధనములు తయారుచేసిరి. గీత పడినచో బి.టి. మాంసకృత్తు ఉన్నదని మాత్రమే అర్థము. సంచి మీది పేరు గల రకమే లోపల ఉన్నదని అర్థము కాదు. రకము తేలవలెనన్న డి.ఎన్.ఏ. గుర్తులే శరణ్యము. పంటల రకముల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టము 2001లో వచ్చినది. నమోదైన రకపు విత్తనము అమ్మినవారు చెప్పినట్లు పండనిచో నష్టపరిహారము కోరు హక్కు ఈ చట్టమున రైతునకు కలదు. కనుక సంచియు, రసీదును, గుప్పెడు విత్తనమును దాచుకొనవలెను.

5. దూదిలోను నూలులోను పరీక్ష చేయవచ్చునా?

ఇదియే మనకు అసలు ప్రశ్న. ప్రత్తి పోగు ఒక్కొక్కటియు గింజ పైపొర మీది ఒక్క కణము సాగి ఏర్పడినది. కాయ పగిలి ఎండిన పిమ్మట ఆ కణములోని జీవము ఇంకిపోయి, మిగులునది చాలవరకు సెల్యులోజు. అయినను డి.ఎన్.ఏ. తునకలు స్వల్పముగ నిలిచియుండును. దూదితో కలిసిన గింజ పెంకు తునకలలో కూడ కొంత ఉండును. అందుచేత దూదిలో పరీక్ష సాధ్యము. పచ్చి నూలులో కష్టముతో సాధ్యము. ఉడుకబెట్టి, చలువచేసి, రంగువేసిన నూలులో ఆ తునకలు మరింత చితికి నశించును. ఫలితము వచ్చిన రావచ్చును, రాకపోయిన రాకపోవచ్చును.

ఇక జాతి, రకముల భేదము. సువిన్ అని చెప్పి ఎం.సి.యు. 5 వంటి నూలు అంటగట్టినచో కనుగొనుట సులభము; ఏలయనగా ఒకటి బార్బడెన్సు, మరొకటి హిర్సూటం. జాతులే వేరు. కాని సువిన్ అని చెప్పి ఈజిప్టు ప్రత్తి గాని, అమెరికా పీమా ప్రత్తి గాని ఇచ్చినచో కష్టము, అన్నియు బార్బడెన్సే. అట్లే హిర్సూటం రకములు ఒకదానికొకటి దగ్గర చుట్టములు. వానిని విడదీయుటకు ఎక్కువ గుర్తులును, మంచి విత్తనమును లేక ఆకును కావలెను; చితికిన నూలు తునకలు చాలవు.

అన్నము ఉడికినదో లేదో చూచుటకు ఒక్క మెతుకు పట్టి చూచిన చాలునందురు. బేలు విషయములో ఈ మాట చెల్లదు. ఒక బేలులో పలు చేలల దూది చేరును. ఒక నూలులో పలు బేళ్ళ దూది కలియును. ఒక చిలపనుండి జానెడు పోగు తీసి పంపినచో, ఆ జానెడు సంగతియే తెలియును. కలగూరగా ఉన్న సరుకులో ఏ జాతి ఎంత పాలున్నదో ఉజ్జాయింపుగ మాత్రమే చెప్పగలరు.

6. ఇతరుల అనుభవము

2016లో అమెరికాలోని ఒక పెద్ద దుకాణముల సంస్థ, తాను రెండేండ్లుగా ఈజిప్టు ప్రత్తివని అమ్మిన దుప్పట్లు నిజముగ ఆ ప్రత్తివి కావని తెలిసి, కొన్నవారికి డబ్బు తిరిగి ఇచ్చినది. ఆ దుప్పట్లు మన దేశపు మిల్లు సరుకే. ఒక్క చీటీ తప్పు దేశము పేరును ఎంతవరకు లాగగలదో దీనినిబట్టి తెలియగలదు.

బియ్యపు వ్యాపారములోను ఇట్టి సంగతియే. బ్రిటన్ ఆహార ప్రమాణముల సంస్థవారు 2004లో ప్రకటించిన డి.ఎన్.ఏ. పరీక్షలో, బాస్మతి అని అమ్మిన 363 మచ్చులలో నూటికి 46 పాళ్ళవానిలో ఇతర బియ్యము కలిసియున్నట్లు తేలినది. ఈ బాస్మతి పరీక్షలను ఆవృత్తి గుర్తులతో చేయుటలో హైదరాబాదులోని డి.ఎన్.ఏ. ఫింగర్‌ప్రింటింగ్ కేంద్రము పేరెన్నికగన్నది.

మన వృత్తివారి మనసునకు హత్తుకొను కథ ఢాకా మస్లినుది. ఫుటీ కర్పాస్ అను నాటు ప్రత్తితో ఆ బట్ట నేసెడివారు. మస్లిను నేత అడుగంటిన పిమ్మట ఆ ప్రత్తి మొక్కయే కనుమరుగైనది. మస్లినును మరల నేయవలెనని బంగ్లాదేశ్ ప్రభుత్వము సంకల్పించి, 2014 తరువాత పని ప్రారంభించినది. రాజషాహీ విశ్వవిద్యాలయపు వృక్షశాస్త్ర ఆచార్యుడు మంజూర్ హుస్సేన్ గారు, వారి బృందము ఊరూర తిరిగి ప్రత్తి మొక్కలు సేకరించిరి. లండను విక్టోరియా-ఆల్బర్టు ప్రదర్శనశాలలో ఉన్న పాత మస్లిను వివరములతో ఆ మొక్కల డి.ఎన్.ఏ.ను పోల్చిరి. గాజీపూర్ జిల్లా కపాసియాలో దొరికిన మొక్క సరిపోలినది. దాని దూదితో చేత వడకి చీరలు నేసిరి. ఢాకా మస్లినునకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. డి.ఎన్.ఏ. మొక్కను చూపినది; వడకుటకును నేయుటకును మాత్రము మనుష్యుల చేతులే కావలసి వచ్చినవి. సన్న నూలు వడకు నేర్పు మరల నేర్చుకొనుటయే వారికి దీర్ఘమైన పని అయినది.

7. మా నూలు సంగతి ఏమైనది?

మా సంఘమున సరుకంతయు రంగునకు పోయినది గదా. పరీక్షశాలవారిని అడుగగా, "రంగు వేయని మచ్చు ఉన్నదా?" అనిరి. లేదని తల వంచుకొని తిరిగి వచ్చితిమి. మూడేండ్లు కాదు, పదునెనిమిదేండ్లుగా కార్యదర్శి పని చేయుచున్నాము. మచ్చు దాచవలెనను బుద్ధి మాకు పుట్టలేదు. ఈ తప్పు మాది.

ఈ సంగతి తెలిసి అవ్వ తన పెట్టెలోనుండి ఒక కాగితపు పొట్లము తెచ్చి బల్ల మీద పెట్టెను. అందులో అర చిలప పచ్చి నూలు. రంగునకు పోక ముందు, అనుమానము తోచి, పక్కకు తీసి పెట్టినదట. "దీపపు వత్తికైనా పనికొస్తుందని దాచాను" అనెను. ఆ పొట్లము పరీక్షకు పోయినది. మూడు వారములకు ఉత్తరము వచ్చినది: మచ్చులో హిర్సూటం జాతి గుర్తులే ఉన్నవి, బార్బడెన్సు గుర్తులు కనబడలేదు అని.

వర్తకుడు ఆ అర చిలప తన సరుకులోనిదే అనుటకు సాక్ష్యమేమి అని వాదించెను. మచ్చు మీద అతని సంతకము లేదు, లాటు నంబరు లేదు. పెద్దలు నడుమ కూర్చుండి మాట్లాడగా, చివరకు ధరలోని తేడాలో సగము వదులుకొనెను. పదునాలుగు మగ్గములవారు పోగొట్టుకొన్న కూలి మాత్రము తిరిగి రాలేదు. అందులో ఇద్దరు కుర్రవాళ్ళు ఆ నెలలోనే మగ్గము దిగి తిరుప్పూరు బనీను ఫ్యాక్టరీలకు పోయిరి. వారు నేటికిని తిరిగి రాలేదు.

ఇంకొక సంగతి కూడ దాచకుండ చెప్పవలెను. నూలు తెగుటకు కారణము హిర్సూటం అగుట మాత్రమే కాదు. మంచి ఎం.సి.యు. నూలుతో మనవారు ఎన్నేండ్లు నేయలేదు? తెగిన నూలును బలపరీక్షకు పంపగా, ఆ నంబరునకు ఉండవలసిన బలము లేదని తేలినది. పొట్టి పోగును దాని శక్తికి మించి సాగదీసి వడికిరి. పేరు ఏదని అడుగుట ఒక ప్రశ్న. గుణము ఎట్టిదని అడుగుట మరొక ప్రశ్న. డి.ఎన్.ఏ. మొదటి ప్రశ్నకు మాత్రమే జవాబు చెప్పును. సరియైన సువిన్ కూడ వాన తగిలినను, కాయ పండక ముందే తీసినను, మిల్లులో చెడవడికినను నాసి నూలే అగును. 120 గజముల నూలు చుట్టి తెంపి చూచు బలపరీక్ష, నంబరు పరీక్ష, పోగు పొడవు పరీక్ష వేరుగ చేయించుకొనవలసినవే. ఈ పరీక్షలకు కోయంబత్తూరులోని సిట్రా వంటి సంస్థలు కలవు.

8. మన సంఘములు చేయవలసినది

మొదటిది: ఎక్కువ ధర గల నూలు కొనునప్పుడు ప్రత్తి జాతి, రకము, లాటు నంబరు బిల్లు మీద వ్రాయించుకొనవలెను. "మేలైన ప్రత్తి" అను మాటకు ఏ పరీక్షయు లేదు.

రెండవది: రంగునకు పంపక ముందే నాలుగైదు కట్టలనుండి అర చిలప చొప్పున పచ్చి నూలు తీసి, కాగితపు కవరులో పెట్టి, తేదీయు లాటు నంబరును వ్రాసి, వర్తకుని మనిషిచేతను సంఘమువారిచేతను సంతకములు చేయించి, అంటించి దాచవలెను. ప్లాస్టిక్ సంచి పనికిరాదు; చెమ్మ చేరి బూజు పట్టిన డి.ఎన్.ఏ. నశించును.

మూడవది: పరీక్షశాలకు పోవునప్పుడు ప్రశ్న స్పష్టముగ అడుగవలెను. "ఇందులో బార్బడెన్సు ఉన్నదా? హిర్సూటం కలిసినదా?" అని అడిగిన జవాబు రాగలదు. రకము పేరే కావలెనన్న, పోల్చుటకు ఆ రకపు నిజమైన విత్తనము మచ్చుగా వారివద్ద ఉన్నదా అని ముందుగ విచారింపవలెను. సరిచూచుటకు అసలు లేనిదే నకలు తేలదు. రుసుము ఎంతయో కూడ ముందే కనుగొనవలెను.

నాల్గవది: ప్రతి కట్టకును పరీక్ష చేయించ నక్కర లేదు. షోలాపురములో తువ్వాళ్ళకు వాడు ముతక నూలునకు ఈ ఖర్చు దండుగ. ధరలో తేడా పెద్దదైనప్పుడే దీనికి పోవలెను. మచ్చు దాచుటకు మాత్రము ఖర్చు లేదు. అది అన్నిటికిని చేయదగును. మచ్చు దాచెదరని తెలిసిన వర్తకుడు మొదటనే జాగ్రత్తపడును.

ఇప్పుడు మా సంఘపు ఆఫీసులో ఒక చెక్క అలమార కలదు. అందులో లాటు వారీగా కవరులు పేర్చియున్నవి. తాళపుచెవి అవ్వ వద్ద ఉన్నది. నూలు వచ్చిన దినమున ఆమె వచ్చి, ముందు వ్రేళ్ళతో నలిపి చూచును. పిమ్మట చిలప తీసి కవరులో పెట్టి, వేలిముద్ర వేయును. ఆమె అనుమానపడిన కట్టలనే మేము పరీక్షకు పంపుచున్నాము. బళ్ళారిలోను, బరంపురములోను, యానాములోను గల మన సోదర సంఘములవారు ఇట్టి అలమార ఒకటి ఏర్పాటు చేసికొందురని ఆశించుచున్నాము.